చివికిపోయిన బట్ట

సెలవుదినమున గడ్డిఅన్నారమునుండి పిల్లలను వెంటబెట్టుకొని సాలార్‌జంగు వస్తుప్రదర్శనశాలకు పోవు గృహస్థులు పెక్కురు గలరు. 1951లో దివాన్‌దేవిడీయందు తెరవబడి, 1968లో మూసీతీరమందలి నేటి భవనమునకు మారిన ఆ శాలలో చీనా పింగాణియు, పారసీక కంబళ్లును, ఐరోపా శిల్పములును వేర్వేరుగ నమర్పబడి యున్నవి. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరణాసక్తిని కొనియాడక తప్పదు. అయినను, ఏ దేశపు వస్తువును ఆ దేశపు గదిలో నుంచు ఈ యమరిక వస్తువును జూపును గాని, వస్తువులు నడచిన బాటను జూపదు.

బాట జాడ వెదకువారు సంగారెడ్డి జిల్లాలోని కొండాపురమునకు పోవలయును. 1940 ప్రాంతమున గులాం యజ్దానీగారి యాజమాన్యమున జరిగిన త్రవ్వకములలో నచట శాతవాహనకాలపు నగరము బయల్పడినది. పూసలు, మట్టిబొమ్మలు, నాణెములు లభించినవి. వానిలో రోమక చక్రవర్తి ఆగస్టసు బంగారు నాణెమును గలదు. త్రవ్వకపు చోటు చెంతనే ప్రదర్శనశాల యున్నది.

ఆ బంగారమునకు బదులుగ మనవారేమి యిచ్చిరి? క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకుభాషలో వ్రాయబడిన పెరిప్లసు అను నావికగ్రంథము, తగరమునుండి బట్టలు బండ్లమీద భరుకచ్ఛపు రేవునకు పోవుచుండెననియు, మన తూర్పుతీరమందలి మసాలియాలో సన్నని నూలుబట్టలు విస్తారముగ దయారగుచుండెననియు చెప్పుచున్నది. పుచ్చుకొన్న బంగారము నేలలో పదిలముగ నిలిచినది. ఇచ్చిన బట్ట చివికిపోయినది. మిగిలినదానినే చూపు ప్రదర్శనశాల, తన తప్పు లేకయే, సగము కథ చెప్పును. నాణెమును చూచిన బిడ్డ రోమకుల సంపదను తలచును గాని, మగ్గముకడ కూర్చున్నవానిని, కదురు త్రిప్పిన స్త్రీని తలపడు.

లేనిదాని నెట్లు చూపుట యని కొంద రడుగవచ్చును. నాణెము ప్రక్క జానెడు చోటు ఖాళీగ విడిచి, “ఇచట నుండవలసిన బట్ట చివికిపోయినది, నేసినవారి పేళ్లు నిలువలేదు” అని తేట తెలుగున వ్రాసిన చాలును. తగరమునుండి భరుకచ్ఛమువరకు బాట గీచిన పటమొకటి గోడపై నున్న మరియు మేలు. దీనికి ధనము పనిలేదు. శ్రమయందు గౌరవము కావలయును.

అంతవరకు ఈ పని తల్లిదండ్రులదే. గడ్డిఅన్నారము ప్రక్కగా సాగు విజయవాడబాటను పోయి, కొంతదూరమున ప్రక్కకు మరలినచో పోచంపల్లిలో మగ్గములు నేటికిని ఆడుచున్నవి. ప్రదర్శనశాలలో పాతనాణెమునకు అబ్బురపడి, నేతగానియొద్ద పది రూపాయలకు బేరమాడు మనము, పిల్లలకు చరిత్ర నేర్పితి మనుకొనుట యెట్లు?