కన్నం పడ్డ స్పీకరు, పేరు లేని చెయ్యి

దళిత సంస్కృతి గురించి రాసేటప్పుడు మనం ముందు పాటను పట్టుకుంటాం. పాటలో మాటను పట్టుకుంటాం. ఆ మాట ఎవరి నోట పుట్టింది, దాన్ని ఎవరు ఎత్తుకుపోయారు అని వాదిస్తాం. ఈ వాదన అవసరమే, ఇంకా జరగాల్సిందే. కానీ పాటను మోసే చెక్క, తోలు, తీగ, స్పీకరు, వాటిని కోసి, అతికి, మార్చిన చెయ్యి గురించి మనం ఎంత రాశాం? చేతిపనికి జ్ఞానం అనే పేరు ఇవ్వకపోవడం మనువు నేర్పిన పాఠం. ఆ పాఠం మన పరిశోధనలోకి కూడా చప్పుడు లేకుండా దూరిందేమోనని నా అనుమానం.

ఈ వ్యాసం బేస్ గిటారు గురించి, దాని ఆంప్లిఫయరు గురించి. "మనకూ దానికీ ఏం సంబంధం?" అని అడిగేవాళ్ళుంటారు. మా పేట చర్చిలో కుర్రాళ్ళు చందాలేసుకుని ఒక పాత బేస్ గిటారు కొన్నారు. దానికి తగ్గ ఆంప్లిఫయరు కొనే స్తోమత లేదు. మైకుసెట్టుకే వైరు కలిపారు. గరాటు మైకులోంచి వచ్చింది బేస్ కాదు, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపిన చప్పుడు. మైకుసెట్లు రిపేరు చేసే అన్న ఒకాయన వచ్చి, పాత చెక్కలు పోగుచేసి పెద్ద పెట్టె కొట్టి, అందులో 15 అంగుళాల స్పీకరు బిగించాడు. ఆ ఆదివారం తీగ మీటితే కింద చాపలు అదిరినయ్. క్రిస్మస్ కరపత్రంలో పాడినవాళ్ళ పేర్లు, వాయించినవాళ్ళ పేర్లు, చందాదారుల పేర్లు వేశారు. పెట్టె కొట్టినాయన పేరు లేదు. ఆ కరపత్రం రాసింది నేనే. కాబట్టి ఈ విమర్శ నాతోనే మొదలుకావాలి.

ముందు ఆయన చేసిన పని ఏమిటో చూద్దాం. బేస్ గిటారులో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు ఊగుతుంది. ఆ శబ్దపు అల గాలిలో 8 మీటర్ల పైచిలుకు పొడవుంటుంది. గరాటు మైకు మాట వినపడటానికి చేసింది, ఇంత పొడుగు అలను తొయ్యలేదు. పైగా మనిషి చెవికి కింది శబ్దాలంటే చులకన. అదే బలంతో పై శబ్దం ఖణేల్‌మని వినపడితే కింది శబ్దం వినపడీ వినపడనట్టు పోతుంది. ఏ శబ్దమైనా రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు పది రెట్లు శక్తి కావాలి. ఇక బేస్‌కు ఎంత కావాలో ఊహించుకోవచ్చు. 1952లో వచ్చిన ఫెండర్ బేస్‌మన్ ఆంప్లిఫయరు 26 వాట్లు, ఒక్క 15 అంగుళాల స్పీకరు. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌విటి 300 వాట్లు. దాని కింద ఒక్కోదాంట్లో ఎనిమిదేసి స్పీకర్లున్న పెట్టెలు రెండు. కిందివాడి గొంతు వినపడాలంటే ఎంత బరువు మొయ్యాలో ఈ లెక్కే చెబుతుంది.

ఇప్పుడు చరిత్ర దగ్గరికి వద్దాం. బేస్ గిటారు చరిత్ర అనగానే అందరూ లియో ఫెండర్ పేరుతో మొదలుపెడతారు. ఆయన 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు కొట్టు పెట్టాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు. వాయించేవాళ్ళు వచ్చి ఇక్కడ గీస్తోంది, అక్కడ మోగటం లేదు అని చెబితే విని మార్చేవాడు. 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. 1965లో ఆ కంపెనీ 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆయన పనితనాన్ని తక్కువ చెయ్యాల్సిన పని లేదు. మనం అడగాల్సింది వేరే ప్రశ్న. రేడియో రిపేరు చేసే మనుషులు ప్రపంచంలో ఆయన ఒక్కడేనా?

జమైకాలో హెడ్లీ జోన్స్ అనే నల్లజాతి మనిషి ఉన్నాడు. 1940లోనే గుల్ల లేని చెక్కతో ఎలక్ట్రిక్ గిటారు చేసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో రాడార్ పని నేర్చుకున్నాడు. తిరిగొచ్చి కింగ్‌స్టన్‌లో కొట్టు పెట్టి, వీధుల్లో డాన్సులకు పాటలు వేసే సౌండ్ సిస్టంవాళ్ళకు ఆంప్లిఫయర్లు కట్టిచ్చాడు. కింది శబ్దాన్ని, మధ్య శబ్దాన్ని, పై శబ్దాన్ని విడివిడిగా పెంచుకునే వీలు వాటిలో పెట్టాడు. జమైకా సంగీతానికి బేస్ ప్రాణమైందంటే దాని వెనక ఇట్లాంటి కొట్టులో కాలిన సీసం వాసన ఉంది. జోన్స్ 2017లో, నూరేళ్ళకు కొద్ది నెలల ముందు పోయాడు. ఫెండర్ పేరు ప్రతి ఊళ్ళో గిటారు తల మీద ఉంది. జోన్స్ పేరు పరిశోధకులు తవ్వితే తప్ప బయటికి రాదు. తేడా తెలివిలో ఉందా? పెట్టుబడి ఎవరికి దొరుకుతుంది, మార్కెట్టు ఎవరి పక్కన ఉంది, ఎవరి రంగును చూసి ఎవరు తలుపు తీస్తారు అన్నదాంట్లో ఉంది.

అదే కింగ్‌స్టన్‌లో ఆ తరవాతి తరం మనిషి కింగ్ టబ్బీ. అసలు పేరు ఆస్బర్న్ రడ్డక్. ఈయనదీ రిపేరు పనే. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టి, ఆంప్లిఫయర్లు కట్టి, వాటర్‌హౌస్‌లో ఇంట్లోనే స్టూడియో పెట్టాడు. వేరే స్టూడియో వదిలేసిన మిక్సింగ్ బల్ల కొని తన అవసరానికి తగ్గట్టు మార్చుకున్నాడు. పాటలో గొంతును తీసేసి డ్రమ్మునీ బేస్‌నీ ముందుకు తెచ్చి, డబ్ అనే కొత్త కళను నిలబెట్టినవాళ్ళలో ముఖ్యుడయ్యాడు. వాయించినవాడూ కాదు, పాడినవాడూ కాదు. తీగలు విప్పి మళ్ళీ కట్టినవాడు. 1989లో ఇంటి ముందే ఎవరో కాల్చి చంపారు.

పనిముట్టును మార్చడాన్ని ఎవరు ఏ పేరుతో పిలుస్తారన్నది ఇంకో విషయం. 1951లో మిసిసిపి నుంచి మెంఫిస్‌కు రికార్డింగుకి పోతున్న ఐక్ టర్నర్ బృందంలో విల్లీ కిజార్ట్ అనే గిటారు వాద్యకారుడి ఆంప్లిఫయరు దారిలో దెబ్బతింది. కొత్తది కొనే డబ్బుల్లేవు, బాగుచేసే టైము లేదు. స్పీకరు వెనక కాగితాలు కుక్కి వాయించారు. ఆ బరబర శబ్దంతో వచ్చిన "రాకెట్ 88" రాక్ అండ్ రోల్‌కు ఆది అని చాలామంది అంటారు. రికార్డు మీద పడింది పాడిన జాకీ బ్రెన్‌స్టన్ పేరు. బృందం పేరు కూడా మారిపోయింది. కిజార్ట్ పేరు ఎంతమందికి తెలుసు? ఆ తరవాత 1958లో లింక్ రే పెన్సిలుతో స్పీకరుకు కన్నాలు పొడిచి "రంబుల్" వాయించాడు. తాను షానీ ఆదివాసీ సంతతివాడినని చెప్పుకున్న మనిషి. ఆ పాటలో ఒక్క మాట లేదు. అయినా కొన్ని రేడియో స్టేషన్లు దాన్ని వెయ్యనివ్వలేదు. మాట లేని చప్పుడుకి కూడా భయపడతారన్నమాట! డప్పు మోగితే ఉలిక్కిపడే ఊళ్ళు చూసినవాళ్ళకు ఇది వింతగా ఉండదు.

అప్పట్లో మంచి ఆంప్లిఫయరంటే గరగర లేకుండా మోగేది. ఆంపెగ్ కంపెనీ పెట్టిన ఎవరెట్ హల్‌కు రాక్ అండ్ రోల్ అన్నా, శబ్దం చిరగడం అన్నా గిట్టేది కాదు. ఆయన కొలతలో కిజార్ట్ చేసింది పాడుచెయ్యడమే. కొన్నేళ్ళు తిరక్కుండానే అదే గరగరను డబ్బాలో పెట్టి, కాలితో నొక్కే మీట పెట్టి అమ్మారు. లేనివాడు చేసినప్పుడు లోపం, ఉన్నవాడు అమ్మినప్పుడు సరుకు. ఈ రోజుల్లో వాద్యాన్ని సొంతంగా మార్చుకోవడం ఒక సరదా పని. దానికి సామాన్లు, పుస్తకాలు, తీరిక అన్నీ దొరుకుతాయి. అమెరికా దక్షిణాదిలో నల్లజాతి పిల్లలు చీపురుకట్ట తీగ విప్పి, ఇంటి గోడకు మేకులు కొట్టి బిగించి, సీసా జరుపుతూ వాయించింది తీరిక ఉండి కాదు. రెండిటినీ ఒకే పేరుతో పిలిచే విమర్శ మోసపు విమర్శ.

ఇక జేమ్స్ జేమర్సన్ సంగతి. 1936లో దక్షిణ కరోలినాలో పుట్టి, 1954లో డెట్రాయిట్ చేరాడు. మోటౌన్ కంపెనీ 1960లలో అమ్మిన పాటల్లో ఎక్కువ భాగానికి బేస్ ఈయనదే. 1962 నాటి ప్రెసిషన్ బేస్ మీద కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. తెగితే తప్ప తీగ మార్చేవాడు కాదు. తీగకు పట్టిన మట్టీ చెమటే ఆ మెత్తటి శబ్దానికి మూలమని నమ్మేవాడు. విశేషం ఏమిటంటే, ఆ రికార్డుల్లో ఆంప్లిఫయరు లేదు. గిటారు వైరును నేరుగా రికార్డింగు బల్లకు కలిపేవాళ్ళు. అంటే ప్రపంచం ఎక్కువగా విన్న బేస్ శబ్దం ఏ కంపెనీ పెట్టెలోదీ కాదు, ఒక వేలుదీ కొన్ని పాత తీగలదీ. అయినా ఏళ్ళ తరబడి రికార్డు అట్టల మీద ఆయన పేరు లేదు. 1971లో మార్విన్ గే "వాట్స్ గోయింగ్ ఆన్" ఆల్బంతో గానీ ఆ పేరు అచ్చుకెక్కలేదు. 1983లో మోటౌన్ 25 ఏళ్ళ సంబరం జరిగితే టికెట్ కొనుక్కుని వెనక సీట్లలో కూచున్నాడు. అదే ఏడు ఆగస్టులో పోయాడు.

ఇక్కడ మనం తప్పించుకోకూడని మాట ఒకటుంది. మోటౌన్ తెల్లవాళ్ళ కంపెనీ కాదు. బెర్రీ గోర్డీ అనే నల్లజాతి మనిషి పెట్టిన కంపెనీ. అయినా వాయించిన చేతుల పేర్లు దాచింది. యజమాని మనవాడైతే పనిచేసినవాడికి పేరు దానంతటదే రాదు. మన సంఘాలు, మన పత్రికలు, మన కళాబృందాలు ఈ అద్దంలో ముఖం చూసుకోవాలి. స్టేజీ మీద మన నాయకుడి పేరు ఎంత పెద్ద అక్షరాలతో ఉంటుందో మనకు తెలుసు. డప్పు కట్టినాయన, మైకుసెట్టు పెట్టినాయన ఎక్కడుంటారో కూడా తెలుసు.

నల్లజాతి అనుభవాన్ని మన అనుభవంతో పోల్చడం కొత్త కాదు. 1946లో అంబేద్కర్ డుబోయ్‌కు ఉత్తరం రాశారు. 1972లో దళిత పాంథర్లు తమ పేరులోనే ఆ బంధం చెప్పుకున్నారు. కానీ పోలికకు ఒక హద్దుంది. అమెరికాలో చెయ్యి రంగు పేరును తొక్కేసింది గానీ ఆ చెయ్యి పట్టిన చెక్కను మైల అనలేదు. ఇక్కడ తోలు మైల, తోలు కోసినవాడు మైల. అదే తోలు మృదంగానికి ఎక్కితే నాదం! టి.ఎం. కృష్ణ 2020లో తెచ్చిన "సెబాస్టియన్ అండ్ సన్స్" పుస్తకం మృదంగాలు చేసే కుటుంబాల గురించి, ముఖ్యంగా దళిత క్రైస్తవ కుటుంబాల గురించి చెప్పింది. పాల్ఘాట్ మణి అయ్యర్ నాదం వెనక తంజావూరు పర్లాందు చేతులున్నాయని చాలామందికి ఆ పుస్తకంతోనే తెలిసింది. ఏ తోలు ఎక్కడ పలుచన, ఎంత లాగితే స్వరం దిగుతుంది అన్నది శాస్త్రం కాదా? మణి అయ్యర్‌ది విద్వత్తు, పర్లాందుది కూలిపని అని విడగొట్టింది ఎవరు? అంబేద్కర్ 1936లో "కుల నిర్మూలన"లో పనికీ పనివాళ్ళకీ పెట్టిన మెట్ల గురించి చెప్పింది ఇక్కడ చెవికి వినపడుతుంది.

డప్పు సంగతి మనకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. వాయించే ముందు మంట దగ్గర పట్టి తోలును బిగువెక్కించడం కూడా వాద్యాన్ని మార్చుకునే విద్యే. ఇప్పుడు ఫైబర్ డప్పులొచ్చాయి. మంట అక్కర్లేదు, వానలో కూడా మోగుతాయి. దాన్ని చూసి "అసలు డప్పు పోయింది" అని బాధపడే పెద్దమనుషులున్నారు. తోలు నానబెట్టిన చేతుల కంపు వాళ్ళు భరించలేదు, వాళ్ళకెందుకు బాధ? ప్లాస్టిక్ వాడాలా తోలు వాడాలా అన్నది వాయించేవాడు తేల్చుకుంటాడు. అయితే తోలు పదునుచెయ్యడంలో ఉన్న జ్ఞానం రాతకెక్కకుండా పోతే నష్టం మనదే.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. లేమిలోంచే సృజన పుడుతుందని చెప్పి పేదరికానికి దండలెయ్యడం. కిజార్ట్‌కు మంచి ఆంప్లిఫయరు ఉంటే ఇంకేం వాయించేవాడో మనకు తెలీదు. మా పేట అన్నకు పాత చెక్కలు కాక మంచి ప్లైవుడ్డు, కొలిచే మీటరు, ఒక వర్క్‌షాపు ఉంటే ఏం చేసేవాడో తెలీదు. కాగితాలు కుక్కిన స్పీకరును మెచ్చుకునేటప్పుడు కొత్త స్పీకరు ఎందుకు దక్కలేదని కూడా అడగాలి. రెండో ప్రశ్న లేని మెప్పు ఉన్నవాళ్ళకే ఉపయోగపడుతుంది.

మనం చెయ్యాల్సిన పని పెద్ద సిద్ధాంతమేమీ కాదు. పల్లెల్లో, పేటల్లో మైకుసెట్లు బాగుచేసేవాళ్ళు, డప్పులు కట్టేవాళ్ళు, చర్చి గిటార్లకు తీగలు మార్చేవాళ్ళు, బ్యాండుమేళం డ్రమ్ములకు మూతలు బిగించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ దగ్గరికి పొయ్యి కూచోవాలి. ఏ శబ్దం కోసం ఏం చేశారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఎంత కూలి వచ్చిందో రాసుకోవాలి. వాళ్ళు ఒప్పుకుంటే పేరుతో సహా అచ్చెయ్యాలి. నేను మొన్న మా పేట అన్న దగ్గరికి పోయాను. పెట్టె వెనక ఆ చిన్న కన్నం ఎందుకు పెట్టావన్నా అని అడిగాను. "గాలికి దారి కావాలి గదరా, లేకపోతే స్పీకరు ఊపిరాడక కొట్టుకుంటది" అన్నాడు. ఆ కన్నం ఎంత వెడల్పుండాలో పెట్టె లోపల చెయ్యి పెట్టి, గాలి విసురు చూసి తేల్చాడట. నోటుబుక్కులో రాసుకున్నాను. వచ్చే క్రిస్మస్ కరపత్రంలో నీ పేరు వేస్తానంటే, "ముందు పోయినేడు పెట్టె కూలి బాకీ ఇప్పించు" అన్నాడు. ఆయన మాట న్యాయం. పేరు ఒక్కటే ఇస్తే సరిపోదు.