ఎవరిని పెద్దగా గీశారు?

మొన్న మా క్లాసువాళ్లం ఎగ్మోరు మ్యూజియంలో రాజా రవివర్మ చిత్రాలు చూశాం. పట్టుచీర మడతలు, నగల మెరుపు అచ్చం నిజంలా ఉన్నాయి. అందరూ "ఫొటోలా ఉందే!" అన్నారు. నేనూ అన్నాను. ఇంటికొచ్చాక సందేహం పట్టుకుంది. చీర నిజంలా ఉంటే చాలా?

రవివర్మగారికి 1873లో ఈ మద్రాసులోనే బంగారు పతకం వచ్చింది, జడలో పూలదండ పెట్టుకుంటున్న నాయర్ స్త్రీ చిత్రానికి. అప్పటికి మన ఊరికి సరైన రేవు లేదు. ఓడలు దూరంగా ఆగేవి. మేకులు లేకుండా కొబ్బరితాడుతో కుట్టిన మసూలా పడవల్లో, మనుషుల్నీ సరుకుల్నీ అలలు దాటించి ఒడ్డుకు చేర్చింది పడవవాళ్లే. ఇంగ్లీషు చిత్రకారులు ఆ పడవల్ని గీశారు. కానీ ఆ బొమ్మల్లో నాకు పడవే గుర్తుంది, నడిపేవాడి ముఖం గుర్తులేదు.

రవివర్మగారికి పేదల ముఖాలు గీయడం రాక కాదు. నేల మీద కూర్చుని పాడే సంచారజాతి కుటుంబాన్ని ఎంత బాగా గీశారో! అయితే జాలరిపిల్లను గీస్తే ఆమె శంతనుడు మనసుపడ్డ మత్స్యగంధి అయింది. రాజు కన్ను పడ్డాకే ఆమె చిత్రంలోకి వచ్చిందన్నమాట.

ఆ కాలంలోనే అమెరికా చిత్రకారుడు విన్‌స్లో హోమర్ 1881, 82ల్లో ఇంగ్లండులోని కల్లర్‌కోట్స్ అనే జాలరుల ఊళ్లో ఉన్నారు. 1883 నాటి ఆయన నీటిరంగుల చిత్రం 'ఇన్‌సైడ్ ది బార్'లో బుట్ట పట్టుకున్న జాలరి స్త్రీ ముందు పెద్దగా ఉంటుంది. పడవలు, సముద్రం ఆమె వెనక. కాశిమేడులో చేపలమ్మిన మా అమ్మమ్మకు పుస్తకంలో ఆ బొమ్మ చూపించాను. "గాలికి కాలెలా ఆనించిందో చూడవే. బరువు మోసినవాళ్లే అలా నిలబడతారు" అంది.

"కొనేది రాజులు, జమీందార్లు. పాపం రవివర్మ ఏం చేస్తాడు?" అన్నాడు మా అన్నయ్య. నిజమే. కానీ హోమర్ బొమ్మలు కొన్నది కూడా జాలర్లు కాదుగా!

1850లో మొదలైన మన మద్రాసు చిత్రకళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి చెక్కిన 'ఉళైప్పాళర్ శిలై' 1959 నుంచి మెరీనాలో ఉంది. బండ కదిలించే నలుగురు కూలీలు, రాజులంత పెద్దగా. వల లాగేవాళ్లకు మాత్రం ఇంకా చోటుంది.

డ్రాయింగ్ పోటీలో "సముద్రతీరం" అని ఇస్తే ఇన్నాళ్లూ లైట్‌హౌసు, సూర్యోదయం వేసేదాన్ని. ఈసారి ముందు అమ్మమ్మను వేస్తాను. మిగిలిన చోట్లో సముద్రం.