సూది వెనుక చదువు

క్రిటికల్ కేర్ నర్సింగులో మాస్టర్స్ డిగ్రీకి చేరుచున్నానని చెప్పినప్పుడు, సంతబొమ్మాళిలో మా పెద్దమ్మ "సూదెయ్యడానికి ఎమ్మెస్సీ ఎందుకే గుంటా?" అని అడిగెను. ఆ ప్రశ్న ఆమెది మాత్రమే కాదు. ప్రాణమును నిలుపునవి వెంటిలేటరు, మానిటరులేయని నమ్మి, నర్సును వాటికి కావలియుండు మనిషిగా నెంచు విద్యావంతులు సైతము మనలో పెక్కురు కలరు.

అయితే క్రిటికల్ కేర్ అను ఈ శాస్త్రము యంత్రముతో పుట్టలేదు. 1952లో కోపెన్‌హాగెన్ నగరమున పోలియో ప్రబలి, శ్వాసకండరములు చచ్చుబడిన రోగులకు ఉన్న యంత్రములు చాలనప్పుడు, బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుడు కంఠమున గొట్టమమర్చి రబ్బరు సంచితో ఊపిరి నందించు పద్ధతిని ప్రవేశపెట్టగా, వైద్యవిద్యార్థులు వంతులవారీగా రేయింబవళ్లు ఆ సంచిని నొక్కుచు రోగి చెంతనే కూర్చుండిరి. మరుసటి యేడు ఆ నగరముననే నేటి ఐసీయూకు మూలమైన వార్డు వెలసెను.

ఇక మా ఉద్దానపు సీమ సంగతి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి యెన్ని కుటుంబములను కబళించినదో పాఠకులెరిగినదే. మూలకారణ మిదియని నేటికిని నిర్ధారణ కాలేదు. నౌపడ ఉప్పుమళ్లకును ఉద్దానపు కొబ్బరితోటలకును నడుమ బ్రదుకు రోగి, ఉప్పును తగ్గించుకొనవలెను, కొబ్బరినీటిని విడువవలెను. డయాలసిస్ ఒక విడత తప్పిన పెద్దాయన "కాళ్లు పీకేస్తన్నాయమ్మా, లెగలేకపోతన్నాను" అనుచు వచ్చును. ఆయాసము లేదు, ఛాతీనొప్పి లేదు. "ఏటి తాగినారు బాబూ?" అని యడిగినచో, "ఒక్క బొండాం నీళ్లేనమ్మా, మన చెట్టుదే" అని తేలికగా బదులు చెప్పును. ఆ నీటిలోని పొటాషియమును వడగట్టవలసిన మూత్రపిండములు పనిచేయవు గనుక, అది రక్తమున పేరుకొని గుండె లయను చెరచును. ఈసీజీలో టీ తరంగములు ఇరుకుగా మొనదేలి నిలిచినచో, ల్యాబ్ రిపోర్టుకై వేచియుండక డాక్టరును పిలువవలెను. కాల్షియం గ్లూకోనేటు గుండెకు తాత్కాలిక రక్ష మాత్రమే. గ్లూకోజుతో నిచ్చు ఇన్సులిన్ పొటాషియమును కణములలోనికి నెట్టును. ఒంటినుండి వెడలగొట్టునది డయాలసిస్. అంతేకాదు, రక్తమును తీయునప్పుడు సిరంజిని బలముగా లాగినచో కణములు పగిలి, రిపోర్టు లేని పొటాషియము హెచ్చును ఉన్నట్లు చూపును. డయాలసిస్‌కై అమర్చిన ఫిస్టులా ఉన్న చేతికి రక్తపరీక్షకై సూది గుచ్చినచో రోగికి ప్రాణాధారమైన దారియే చెడవచ్చును. పెద్దమ్మ అడిగిన సూదిలోనే ఇంత చదువున్నది!

విచిత్రమేమనగా, ఎమ్మెస్సీ ముగించినవారిలో అనేకులు పడకను విడిచి పాఠములు చెప్పుటకు పోవుదురు. వారిని తప్పుపట్టను, గౌరవమును వేళకు నిద్రయును అక్కడ దొరకుచున్నవి. ఈ లోపమును తీర్చుటకే కాబోలు, భారతీయ నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ అను రెండేండ్ల రెసిడెన్సీ కోర్సును రూపొందించి, అందు తరగతికంటె వార్డునకే పెద్దపీట వేసినది. నా దృష్టిలో మాస్టర్స్ అను పేరునకు తగిన చదువు అదియే.

పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రముతో కూడిన 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమైనది. అక్కడను, టెక్కలి ఆసుపత్రిలోను, ఈ చదువు చదివినవారికి రోగి ప్రక్కనే పనిచేయు ఉద్యోగమును, చదువునకు తగిన జీతమును ప్రభుత్వము కల్పింపవలెనని ఈ సీమ ప్రజాప్రతినిధులను కోరుచున్నాను.