నోరున్న స్క్రిప్టు

రొయ్యల గుంటకు తెల్లవారుజామే గండం. రాత్రి ఎండ ఉండదు, నాచు ప్రాణవాయువును తయారుచేయదు. నీళ్లలో ఉన్నవన్నీ మాత్రం పీలుస్తూనే ఉంటాయి. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రైతులు ఆ వేళ ఏరియేటర్లు ఆగకుండా కాపలా కాస్తారు. అలాంటి గుంటల్లో సెన్సర్ల రీడింగులు పోగుచేసే షెల్ స్క్రిప్టులు రాయడం నా పని.

స్క్రిప్టు ఆగిపోతే నాకు బెంగ లేదు. పాడైపోయి కూడా ఏమీ ఎరగనట్టు నడిస్తేనే బెంగ. బ్యాష్ అనే షెల్ స్వభావమే అంత: ఒక కమాండు విఫలమైనా తర్వాతి లైనుకు పోతుంది. కొత్త ఫైలు రాకపోతే నిన్నటి ఫైలుతోనే రిపోర్టు తయారవుతుంది. కాగితం మీద ఆక్సిజన్ బ్రహ్మాండం, గుంటలో రొయ్యలు పైకి తేలుతుంటాయి.

అందుకే నా స్క్రిప్టులన్నీ 'సెట్' ఆదేశంతో మొదలవుతాయి. దానికిచ్చే ఆప్షన్లలో 'ఈ' తప్పు దగ్గర ఆపుతుంది, 'యు' విలువ ఇవ్వని వేరియబుల్‌ను పట్టుకుంటుంది, 'పైప్‌ఫెయిల్' పైపు మధ్యలో జరిగిన వైఫల్యాన్ని దాచనివ్వదు. అయితే 'ఇఫ్' షరతులో విఫలమైన కమాండును 'ఈ' పట్టించుకోదు. దాన్నే నమ్ముకుంటే కుదరదు.

స్క్రిప్టు ఎక్కడ ఎందుకు ఆగిందో తెలియాలంటే, తప్పు జరిగినప్పుడు నడిచే 'ట్రాప్' కూడా పెట్టాలి. అందులో మొదట ఎగ్జిట్ కోడ్ దాచుకోవాలి, ఇంకో కమాండు నడిస్తే అది మారిపోతుంది. ఆపైన సమయం, లైను నంబరు, విఫలమైన కమాండు రాయాలి. ఉత్త 'ఎర్రర్' అని రాసిన లాగ్, 'జ్వరం' అని మాత్రమే రాసిన కేస్‌షీటు లాంటిది. ఫంక్షన్లలో తప్పులూ ట్రాప్‌కు చిక్కాలంటే పెద్ద 'ఈ' కూడా కావాలి. 'లాగర్' కమాండుతో సిస్టమ్ లాగ్‌కూ పంపితే ఇంకా మేలు.

ఏ గుంటకు ఏ రీడింగో గుర్తుంచుకోవడానికి అసోసియేటివ్ అర్రే చాలు. 2009లో వచ్చిన బ్యాష్ 4తో ఆ వసతి దొరికింది. మ్యాక్‌తో వచ్చే 3.2లో అది లేదు. ఇక్కడా ఒక మూగదెబ్బ ఉంది: పైపు చివర 'వైల్' లూప్‌లో నింపిన అర్రే, లూప్ దాటగానే ఖాళీగా కనిపిస్తుంది. ఆ లూప్ వేరే సబ్‌షెల్‌లో నడవడమే కారణం. ప్రాసెస్ సబ్‌స్టిట్యూషన్ వాడితే ఆ బాధ తప్పుతుంది. అర్రేలో అర్రే కావాల్సివస్తే మాత్రం షెల్‌ను వదిలి పైథాన్ పట్టుకోవడమే తెలివి.

మీ క్రాన్‌లో నడిచే స్క్రిప్టు నకలు ఒకటి తీసి, కావాలనే ఫైలు పేరు తప్పుగా పెట్టి నడపండి. ఏ లైనులో ఏమైందో లాగ్ చెప్పకపోతే, ఆ స్క్రిప్టు రాయడం ఇంకా పూర్తికాలేదు.