‘మనం’ అంటున్నది ఎవరు?

ఇంగ్లీషులో వచ్చిన భారతీయ నవల జాతిని ఎలా చిత్రించింది అన్న ప్రశ్నకు మన విమర్శకులు సాధారణంగా వస్తువులో జవాబు వెతుకుతారు. గాంధీ ఉన్నాడా, సత్యాగ్రహం ఉందా, దొర మీద తిరుగుబాటు ఉందా అని చూస్తారు. అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటుందని నా అభిప్రాయం. ఆ నవలలో ‘మనం’ అంటున్నది ఎవరు? ఏ భాషలో అంటున్నారు?

రాజారావు ‘కాంతాపుర’ (1938) కథ చెప్పేది అచ్చక్క అనే బ్రాహ్మణ వితంతువు. కన్నడ పల్లె పలుకుబడినీ హరికథ నడకనూ ఇంగ్లీషు వాక్యంలోకి దించడం రాజారావు సాధించిన విజయం. పాలకుడి భాషను అలా వంచి వాడుకోవడం ఆనాడు రాజకీయ చర్య కూడా. అయితే అదే నవలలో స్కెఫింగ్టన్ కాఫీతోటకు కూలీల గుంపులు వస్తాయి. గోదావరి చిక్కిపోయి, పైర్లు పోయి, ఘాట్ల దిగువ నుంచి నడిచి వచ్చినవాళ్ళు. మగవాడికి నాలుగణాలు, ఆడమనిషికి రెండణాలు కూలి. వాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళున్నారని అచ్చక్క చెబుతుంది. కాని ఆ తెలుగు మనకు వినబడదు. వాళ్ళ ఆకలి, జ్వరాలు, తన్నులు అన్నీ అచ్చక్క గొంతులోంచే వస్తాయి. జాతీయోద్యమంలో కూలీకి చోటు దొరికింది. తన కథ తాను చెప్పుకునే హక్కు దొరకలేదు. ఇది నవల లోపమే కాదు, ఆ ఉద్యమ నాయకత్వపు వర్గ స్వభావం కూడా.

ఎనభై అయిదేళ్ళ తర్వాత సల్మాన్ రష్దీ ‘విక్టరీ సిటీ’ (2023) విజయనగరాన్ని వస్తువుగా తీసుకుంది. పంపా కంపన విత్తనాలతో నగరాన్ని మొలిపిస్తుంది. గతం లేని ఆ జనం చెవుల్లో గతాన్ని ఊదుతుంది. జాతి గతం అల్లిన కథేనన్న ఈ సూచన, విజయనగరాన్ని ఒకే మతపు కోటగా చూపేవాళ్ళకు గట్టి జవాబు. కాని ఆమె కావ్యం సంస్కృతంలో ఉంది. మనకు అందేది ఇంగ్లీషులో. ‘ఆముక్తమాల్యద’ తెలుగులో రాసిన రాయల రాజ్యం గురించి ఇలా జరగడం యాదృచ్ఛికం కాదు. దేశమంతటికీ చెందాలనుకునే కథ రెండు పెద్ద భాషల మధ్య వంతెన వేసుకుంటుంది. ఆ వంతెన కింద దేశభాషలుండిపోతాయి.

1565 యుద్ధం తర్వాత నగరం కూలడంతో ఆ నవల ముగుస్తుంది. చరిత్ర ముగియలేదు. తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. ఇవాళ్టికీ ఆ ఊళ్ళో గగనమహలు, షేర్‌ఖాన్ మసీదు, పార్శ్వనాథుని బసది, బాబయ్య దర్గా ఉన్నాయి. దక్షిణాన హిందూపురంలో పట్టుగూళ్ళ సంతలో తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే బేరంలో కలుస్తాయి. ఉత్తరాన ధర్మవరంలో పట్టుచీరలు నేసి, అప్పు తీర్చలేక ఉరి పోసుకున్న నేతగాళ్ళున్నారు. ఈ ప్రాంతాన్ని 1800లో నిజాం కంపెనీకి ధారపోశాడు. ‘దత్తమండలాలు’ అన్న ఆ పేరును కాదని 1928లో మనవాళ్ళు ‘రాయలసీమ’ అని పెట్టుకున్నారు. ఇక్కడ జాతి అన్నది ఒక్క గొంతు కాదు, ఎన్నడూ కాలేదు.

అలాగని తెలుగులో రాసినంత మాత్రాన ఈ సమస్య తీరదు. పుట్టపర్తి నారాయణాచార్యుల ‘పెనుగొండలక్ష్మి’ ఈ శిథిలాలనే వస్తువుగా తీసుకున్న తెలుగు కావ్యం. అందులోనూ దుఃఖం పోయిన వైభవం గురించే. ఆ కోట రాళ్ళు మోసినవాడికి ఇంగ్లీషు నవలలోనూ, తెలుగు పద్యంలోనూ మాట రాలేదు.

కనుక ఇంగ్లీషులో రాయడం ద్రోహమన్న పాత వాదాన్ని నేను ఒప్పుకోను. భాషను బట్టి కాక, ఆ భాషలో ఎవరి మాట అణగిపోయిందో దాన్ని బట్టి నవలను తూచాలి. ‘కాంతాపుర’ పాఠం చదివే విద్యార్థులు మూర్తి గాంధేయవాదం మీద వ్యాసాలు రాస్తున్నారు. ఆ కాఫీతోట అధ్యాయాన్ని మళ్ళీ చదివి, ఆ తెలుగు కూలీలు తమలో తాము ఏం మాట్లాడుకుని ఉంటారో ఆలోచించమని వారిని కోరుతున్నాను. రాయవలసిన నవల అక్కడ మొదలవుతుంది.