నాణెముల హారము

వాడివేసిన వస్తువులతో ఆభరణములు కూర్చి, వానియందు వెలకంటె భావమునకే ప్రాధాన్యము నిచ్చు పద్ధతి పాశ్చాత్యదేశములలో నించుమించు అరువదేండ్లుగా ఒక కళాశాఖగా పెరుగుచున్నది. స్విట్జర్లాండున పుట్టిన ఆటో క్యూంజ్లీ 1980లో ఒక బంగారు గుండును నల్లని రబ్బరు గొట్టములో దాచి కడియముగా చేసి, బంగారము కన్నులు పోగొట్టునని అర్థము వచ్చు పేరు పెట్టెను. లోన నున్నది బంగారమేయని నమ్మవలసినదే గాని చూచుటకు వీలులేదు. మెచ్చదగిన చమత్కారమే. అయితే ఇట్టి భావన మనకు క్రొత్తదని పలుకువారు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల లంబాడీ తండాలను కన్నెత్తి చూచియుండరు.

తండాలోని వృద్ధస్త్రీ మెడలోని హారమును పరిశీలింపుడు. అందలి రూపాయి ఒకప్పుడు సంతలో చేతులు మారినదే. మన యిండ్లలోని కాసులపేరున కాసులు నగకొరకే అచ్చువేయబడినవి. అవి ఎన్నడును ఉప్పు కొనలేదు, పప్పు కొనలేదు. ఈ భేదము చిన్నది కాదు. ఇంగ్లీషువారి వెండి రూపాయి తూకము సరిగా ఒక తులము, అందు పండ్రెండింట పదునొకండు పాళ్లు వెండి. కావున ఇరువది రూపాయల హారమునకు త్రాసుతో పనిలేదు, లెక్కపెట్టినచో తూచినట్లే. 1940లో రూపాయిలో వెండి సగమునకు దిగెను. 1947 నాటిది కేవలము నికెలు. చార్మినారు ముద్రగల హైదరాబాదు సిక్కా 1959తో చెల్లుబాటు కోల్పోయెను. ప్రభుత్వము లిట్లు మాటమార్చినను మెడలోని వెండి మాటమార్చలేదు. ఎద్దులపై ఉప్పును ధాన్యమును మోసి దేశము తిరిగిన జాతికి ఇనుప పెట్టె యెక్కడిది? ఆడుదాని మెడయే పెట్టె.

ఇది నిన్నటి ముచ్చట కాదు. దక్షిణాపథమున దొరకిన రోము బంగారు నాణెములలో పెక్కింటికి చక్రవర్తి తలపైని రెండు రంధ్రములు కలవు. త్రాడు దూర్చినపుడు ముఖము తిరుగబడకుండ నిలుచుటకే గదా రెండు!

ఇక నేటి సంగతి. నగరములలో ‘తండా నగ’లను పేర నమ్ముడుపోవువానిలో పెక్కింట పలుచని రేకు బిళ్లలే నాణెములుగా నటించుచున్నవి. వానికి పూర్వజన్మ లేదు. పాతవస్తువునకు క్రొత్తబ్రతుకు నిచ్చుట ఈ కళకు ప్రాణము. పాతదానివలె కనబడు క్రొత్తవస్తువు వట్టి వేషము. మరియొక ప్రక్క అసలు హారములు కరగిపోవుచున్నవి. కొనువాడు వెండికే వెల కట్టును. పనితనమునకును, అమ్మమ్మ యొక్కొక్క రూపాయిగా కూడబెట్టిన యేండ్లకును సున్న.

కాలేజీకి పోవు మనుమరాలు ఆ బరువు మోయనన్నచో దూషింపరాదు. తండా స్త్రీ బొమ్మవలె అలంకరించుకొని మన కనులపండువునకు నిలువవలెనని కోరుట కళాభిమానము కాదు, స్వార్థము. అమ్ముటయు ఆమె హక్కే. ఆ ధనము ఆమెదే గదా. మనము కోరదగినది వేరు: కరగుటకు ముందు ఏ నాణెము ఏ పెండ్లికి చేరెనో, ఏ కరవున ఏది ఊడెనో ఆ వృద్ధురాలి నోట విని వ్రాసిపెట్టవలెను. ఊడిన నాణెముల చోట మిగిలిన వట్టి కొక్కెములను సైతము లెక్కింపవలెను.