ఓడించే తీరు

వీడియో గేమ్ మంచిచెడ్డలు తేల్చడానికి కొలతలు చాలా ఉన్నాయి. బొమ్మలు బాగున్నాయా, సంగీతం కుదిరిందా, కథ నిలబడిందా అని అడగవచ్చు. వాటన్నిటికన్నా నమ్మదగినది మరొకటి ఉంది: ఆ ఆట మనిషిని ఎలా ఓడిస్తుంది? వైకుంఠపాళిలో పెద్దపాము నోట్లో పడ్డవాడి తప్పేమీ ఉండదు. పందెం అలా పడింది, అంతే. వీడియో గేమ్‌లో ఔటయితే దానికో కారణం ఉంటుంది, అది ఆడేవాడి కంటికి ఆనాలి. ఆనితే మళ్లీ ఆడబుద్ధవుతుంది, ఆనకపోతే చేతిలోది విసిరికొట్టబుద్ధవుతుంది.

ఈ లెక్కన 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌ని మించిన గురువు ఇంకా రాలేదనే చెప్పాలి. షిగెరు మియమోటో, తకాషి తెజుకా తీర్చిన మొదటి లెవెల్‌లో ఒక్క సూచన కూడా రాసి ఉండదు. ఆట మొదలై ఊపిరి తీసుకునేలోపే కుడివైపు నుంచి గుంబా అనే చిన్న శత్రువు నడిచొస్తుంది. గెంతకపోతే చావే. అయితే అప్పటికి నడిచింది నాలుగడుగులే కాబట్టి పోయేదేమీ ఉండదు. తర్వాత ప్రశ్న గుర్తున్న పెట్టెను తలతో పొడిస్తే పుట్టగొడుగు బయటపడి కుడివైపు జారుతుంది, గొట్టానికి తగిలి వెనక్కి మళ్లుతుంది. గుంబా దెబ్బ తిన్నవాడు దీన్నీ తప్పించుకోబోతాడు. నెత్తిన ఇటుకలు ఉండడంతో గెంతినా సరిగా తప్పించుకోలేక దాన్నే తాకుతాడు. తాకితే మారియో పెద్దవాడవుతాడు. చివర్లో ఎదురెదురుగా రెండు మెట్ల వరసలు వస్తాయి. మధ్యలో గట్టి నేల ఉంటుంది, గెంతు కుదరకపోయినా ప్రమాదం లేదు. వెంటనే అలాంటివే మరో రెండు వస్తాయి, ఈసారి మధ్యలో గొయ్యి. ముందు దెబ్బ తగలకుండా నేర్పించి, ఆ తర్వాతే పరీక్ష పెట్టడమన్నమాట. మొత్తం ఆట పట్టింది 40 కిలోబైట్లు. చోటు చాలక మేఘానికీ పొదకూ ఒకే బొమ్మ వాడి రంగు మార్చారు. లోటు లేదా అంటే ఉంది. నాలుగో, ఏడో ప్రపంచాల చివరి కోటల్లో తప్పు దారి పట్టినవాడు తిరిగి తిరిగి అదే చోటికి వస్తాడు. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పే గుర్తు ఏదీ ఉండదు. అంతవరకు అంత ఓపిగ్గా నేర్పిన గురువు అక్కడ నోరు మెదపడు.

1990లలో తెలుగు ఊళ్లలో టీవీకి తగిలించిన వీడియో గేమ్ క్యాసెట్లలో మారియో పక్కనే కాంట్రా కూడా ఉండేది. ఇందులో ఒక్క తూటాకి ఒక లైఫ్ పోతుంది, ఉన్నవి మూడే. పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ అని నొక్కితే మూడు కాస్తా 30 అవుతాయి. ఈ మీటల వరస మొదట వచ్చింది 1986లో, గ్రాడియస్ అనే మరో ఆటలో. దాన్ని ఇంటి కన్సోల్‌కి మలిచిన కజుహిసా హషిమోటో, పరీక్షించేటప్పుడు ఆట తనకే కొరుకుడుపడక ఈ ఏర్పాటు చేసుకున్నాడు. కాంట్రా అసలు సొగసు ఇద్దరు కలిసి ఆడడంలో ఉంది. మూడో స్టేజిలో జలపాతం పక్కన బండరాళ్ల మీదుగా పైకి ఎక్కాలి. ముందున్నవాడు తొందరపడితే తెర పైకి జరిగిపోయి వెనకున్నవాడు కింద పడి చస్తాడు. శత్రువు కన్నా పక్కన కూర్చున్న అన్నయ్య తొందర ఎక్కువ ప్రాణాలు తీసే స్టేజి అది. కారణం స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి ఆ ఓటమిలో అన్యాయం లేదు.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా (1989) ప్రాణాలు లెక్కపెట్టదు. ఎన్నిసార్లు చచ్చినా లెవెల్ మొదటికి వెళ్లి మళ్లీ ఆడవచ్చు. లెక్కపెట్టేది కాలాన్ని: రాకుమారిని చేరడానికి 60 నిమిషాలే గడువు. చావుకి మూల్యం నిమిషాల్లో కట్టడం గొప్ప ఆలోచన. ఈ ఆట తయారుచేసిన జోర్డన్ మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తుతుంటే, గెంతుతుంటే వీడియో తీసి, ఆ కదలికలను ఒక్కో బొమ్మగా ఎక్కించాడు. అందుకే హీరో పరుగు ఆపగానే ఆగడు, ఒకటి రెండు అడుగులు జారి ఆగుతాడు. అంచు దగ్గర ఆ అడుగే ప్రాణం తీస్తుంది. మొదట్లో అది విసుగనిపిస్తుంది. కాసేపటికి శరీరానికి బరువుంటుందన్న నిజం వేళ్లకు తెలిసివస్తుంది. ఆపిల్ 2 యంత్రంలో కొత్త శత్రువును పెట్టడానికి మెమరీ చాలక మెక్నర్ హీరో బొమ్మనే మార్చి నీడమనిషిని పుట్టించాడు. చివర్లో ఆ నీడ ఎదురుపడుతుంది. కత్తితో పొడిస్తే ఆ గాయం హీరోకే తగులుతుంది. కత్తి ఒరలో పెట్టి ఎదురు నడిచినవాడిలో నీడ కలిసిపోతుంది. యంత్రంలో చోటు చాలకపోవడం వల్ల పుట్టిన ఆ దృశ్యం, కోట్ల ఖర్చుతో తీసిన ఎన్నో ఆటల ముగింపుల కన్నా లోతైనది.

నోకియా ఫోన్‌లో పాము ఆట గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1997లో టనేలి అర్మాంటో 6110 మోడల్ కోసం రాసిన ఈ ఆటలో తిన్న ప్రతి మెతుకూ రేపటి అడ్డంకి అవుతుంది. సంపాదించుకున్నదే దారికి అడ్డం పడుతుంది. మూడు ముక్కల్లో చెప్పగల నియమంతో ఇంత న్యాయమైన ఆట మరొకటి దొరకడం కష్టం.

చావుకి పేరుపడ్డ ఆట డార్క్ సోల్స్ (2011). చచ్చినచోటే సంపాదన అంతా పడి ఉంటుంది. వెనక్కి వెళ్లి తెచ్చుకోవచ్చు, దారిలో మళ్లీ చస్తే మాత్రం శాశ్వతంగా పోతుంది. నెగడు దగ్గర సేద తీరితే చంపిన శత్రువుల్లో చాలామంది తిరిగి లేస్తారు. ఇంత కఠినంగా ఉన్నా దీన్ని క్రూరమైన ఆట అనడం తప్పు. నేల మీద వేరే ఆటగాళ్ల నెత్తుటి మరకలు ఉంటాయి, తాకితే వాళ్లు ఎలా చచ్చారో ఎర్రటి ఆకారం ఆడి చూపిస్తుంది. ముందు గొయ్యి ఉందని ఎవరో రాసిపెట్టిన మాట కనబడుతుంది. ప్రతి శత్రువూ కత్తి ఎత్తే ముందు భుజం కదుపుతాడు. ఆ కదలిక పట్టుకోగలిగినవాడు బతుకుతాడు. ఈ నిజాయితీని ఆట ఒకచోట తానే చెరిపేసుకుంది. బెడ్ ఆఫ్ కేయాస్ అనే పెద్ద శత్రువు దగ్గర కాళ్లకింద నేల హఠాత్తుగా కూలుతుంది. ఎక్కడ కూలుతుందో పడితేగాని తెలియదు. అంతవరకు చూసి నేర్చుకొమ్మన్న ఆట, అక్కడ చచ్చి నేర్చుకొమ్మంటుంది.

దాని పక్కన సెలెస్ట్ (2018)ను పెట్టి చూడాలి. కొండ ఎక్కే అమ్మాయి కథ ఇది. ఒక్కో గదిలో వందసార్లు చచ్చినా చావుకీ మళ్లీ మొదలవడానికీ మధ్య రెప్పపాటు కన్నా ఎక్కువ ఉండదు, వేళ్ల వేడి ఆరకముందే మళ్లీ ప్రయత్నం నడుస్తుంది. అంచు దాటాక క్షణంలో చిన్న భాగంపాటు గాలిలో ఉన్నా గెంతు చెల్లుతుంది. ఆడేవాడికి ఆ దయ కనబడదు, తన వేళ్లు చురుగ్గా ఉన్నాయనుకుంటాడు. చేతులు సహకరించనివారి కోసం ఆట వేగం తగ్గించుకునే వీలు కూడా పెట్టారు. కఠినంగా ఉంటూనే ఎవరినీ గడప బయట నిలబెట్టని ఆట ఇది.

క్యాండీ క్రష్ సాగా (2012) మీద మెత్తగా మాట్లాడడం కుదరదు. ఐదు లైఫులు, ఒక్కోటి తిరిగి రావడానికి 30 నిమిషాలు. పైనుంచి ఏ రంగు మిఠాయి రాలుతుందన్నది ఆడేవాడి చేతిలో లేదు. ఇంకొక్క ఎత్తులో గెలుస్తామనగా ఎత్తులు అయిపోతాయి, వెంటనే మరో ఐదు ఎత్తులు కొంటారా అని తెర అడుగుతుంది. ఓడింది తన తప్పు వల్లనా, రాలిన రంగుల వల్లనా అన్నది ఎంత ఆలోచించినా తేలదు. ఆ తేలకపోవడం మీదే వ్యాపారం నడుస్తుంది. రంగులు, చప్పుళ్లు ఎంత ముచ్చటగా ఉన్నా ఈ కొలతకు ఇది నిలవదు.

పబ్జి మొబైల్‌ని మన దేశంలో 2020 సెప్టెంబరులో నిషేధించారు, 2021 జులైలో అది బీజీఎంఐ పేరుతో తిరిగి వచ్చింది. వంద మంది దిగితే మిగిలేది ఒక్కరు, లేదా నలుగురి జట్టు. అంటే ఓటమే ఇక్కడ మామూలు. అడుగుల చప్పుడు విని, కుంచించుకుపోయే వలయాన్ని ముందే అంచనా వేసి ఆడేవాడు ఎక్కువసేపు నిలుస్తాడు కాబట్టి నేర్పుకి చోటుంది. చిక్కల్లా ఫోన్‌తోనే. ఖరీదైన ఫోన్‌లో శత్రువు సాఫీగా కదులుతాడు, పాత ఫోన్‌లో ఆగి ఆగి కదులుతాడు. ఒకే మైదానంలో ఒకడు బూట్లతో, ఒకడు ఒట్టికాళ్లతో పరుగెత్తినట్టు ఉంటుంది.

స్టార్‌డ్యూ వ్యాలీ (2016)లో ఓటమి దాదాపు లేదు. ఎరిక్ బరోన్ నాలుగేళ్లకు పైగా ఒక్కడే కూర్చుని బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ తయారుచేసిన వ్యవసాయం ఆట ఇది. కాలానికి 28 రోజులు. అదను తప్పి వేసిన పైరు కాలం మారిన తెల్లారి ఎండిపోయి ఉంటుంది. తిట్టేవారెవరూ ఉండరు, వచ్చే ఏడు చూసుకోవచ్చు. ధర పడిపోవడం, అప్పు పెరగడం లేని సేద్యం కాబట్టి దీన్ని రైతు బతుకనుకోకూడదు, తోటపని అనుకుంటే సరిపోతుంది. తోటపనిగా చూస్తే లోపం దొరకదు.

షాడో ఆఫ్ ది కొలోసస్ (2005)లో కొలత తిరగబడుతుంది. చనిపోయిన అమ్మాయిని బతికించుకోవడానికి ఒక కుర్రాడు 16 మహాకాయాలను చంపాలి. వాటిలో చాలా వరకు వాటి మానాన అవి తిరుగుతుంటాయి. ఒక్కోటీ కూలినప్పుడు విజయభేరి మోగదు, విషాద సంగీతం వినిపిస్తుంది, నల్లటి తీగలు వచ్చి కుర్రాడి ఒంట్లోకి దూరతాయి. ఆట సాగేకొద్దీ అతని రూపు మాసిపోతుంది. గెలిచిన ప్రతిసారీ ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించే ఆటను ఫుమిటో ఉయెడా తప్ప ఇంత ధైర్యంగా ఎవరూ తీయలేదు.

టెట్రిస్‌లో అసలు గెలుపే లేదు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ దీన్ని రాసిన ఎలక్ట్రోనికా 60 యంత్రానికి బొమ్మలు గీయడం రాదు, ముక్కలను బ్రాకెట్ గుర్తులతో చూపించాడు. నాలుగేసి గళ్ల ముక్కలు, ఏడు రకాలు. రెండు వంకర ముక్కలూ ఒకదాని తర్వాత ఒకటిగా ఆగకుండా వస్తూ ఉంటే ఎంతటివాడికైనా ఓటమి తప్పదని గణితజ్ఞులు నిరూపించారు. అయినా ఈ ఆటను నిందించినవారు అరుదు. తెరమీద కనిపించే ప్రతి ఖాళీ, కాసేపటి క్రితం తన చేత్తో తాను వదిలినదే. నింటెండో 1989లో తెచ్చిన కూర్పులో 29వ లెవెల్ దగ్గర ముక్కలు రాలే వేగం చూసి మనిషికి అదే చివరి గడప అని చాలాకాలం అనుకున్నారు. వేళ్లతో మీటను నొక్కే కొత్త పద్ధతులు కనిపెట్టి ఆటగాళ్లు ఆ గడప దాటారు. 2023 డిసెంబరులో అమెరికాలో 13 ఏళ్ల కుర్రాడు 157వ లెవెల్ దాకా వెళ్లాడు. అక్కడ ప్రోగ్రామే తట్టుకోలేక తెర బిగుసుకుపోయింది. ఒక మనిషి చేతిలో ఆ ఆట అలా ఆగిపోవడం అదే మొదటిసారి.